ఎప్పుడైనా రమ్మన్న ఇల్లు

మా అమ్మమ్మ ఆంగుస్తియాస్ మా ఊరు గ్రనాడా పొలిమేర దాటింది ఒక్కసారే. పెళ్ళయిన కొత్తలో తాతయ్య ఆమెను మాలగా అనే ఊరికి తీసుకెళ్ళి సముద్రం చూపించాడు. ఆమె చూసి, ఇన్ని నీళ్ళు ఎవరికి కావాలని అడిగి, సాయంత్రం బస్సుకే ఆయన్ని వెనక్కి లాక్కొచ్చేసింది. అయినా ఆమెకు తెలియని దేశం లేదు. బెల్జియం వాళ్ళు స్నానాలగదిలో కాపురం ఉంటారు, ఐర్లండ్ వాళ్ళు మేజోళ్ళు ఉతకరు, పోలండ్ వాళ్ళకు పుట్టగొడుగు కనిపిస్తే మతి ఉండదు. ఇదంతా వెనకగదిని యూనివర్సిటీకి వచ్చే పరదేశపు పిల్లలకు అద్దెకిచ్చి సంపాదించిన జ్ఞానం. తను ఎక్కడికీ పోకపోతేనేం, ప్రపంచమే వంతులవారీగా వచ్చి ఆమె తువ్వాళ్ళు తడిపి వెళ్ళింది.

అలాంటి మనిషికి కిందటేడు తలకొట్టేసినట్టయింది. డెన్మార్క్ నుంచి వచ్చిన కుర్రాడొకడు నెల తిరక్కుండానే పెట్టె సర్దుకుని చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. ఎందుకు వెళ్ళాడో ఎవరికీ తెలియదు కనుక మా మేడలో తలా ఒక కారణం చెప్పారు. నూనె పడలేదని ఒకరు, ఆంగుస్తియాస్ తలుపు తట్టకుండా గదిలోకి దూరుతుందని ఒకరు. ఆ రెండోది నిజమే. మా మేడ మధ్యలో పైకప్పు నుంచి నేలదాకా బావిలాంటి ఖాళీ ఉంది. వంటింటి కిటికీలన్నీ అందులోకే తెరుచుకుంటాయి, బట్టల తాళ్ళన్నీ దానికి అడ్డంగానే సాగుతాయి. ఒకరింట్లో చెంచా కింద పడితే నాలుగు అంతస్తులవాళ్ళూ ఎవరి చెయ్యి జారిందో చెప్పగలరు. అందులోంచే రెండో అంతస్తు ఎర్మీనియా ఒకరోజు మూడో అంతస్తులో ఉన్న అమ్మమ్మను చూసి, "ఏమ్మా, ఈసారి వచ్చేవాడి గది తలుపుకు ముందే గొళ్ళెం పెట్టించు, నీ వైపు కాదు, వాడి వైపు" అంది.

అమ్మమ్మకు ఎక్కడో కాలింది. కిటికీలోంచి సగం బయటికి వంగి, ఈసారి వచ్చే మనిషి కూడా వెళ్ళిపోతే ఆ గదికి తాళం వేసి ఇస్త్రీబల్ల పడేస్తానని, మా ఊరిని కాపాడే వ్యాకులమాత మీద ఆన పెట్టి మరీ అరిచింది. ఆ బావిలోకి అరిచిన మాట నోటరీ ముందు చెప్పినదాంతో సమానం. వెనక్కి తీసుకోవడం కుదరదు.

పైకి ఇస్త్రీబల్ల మాట. లోపలి సంగతి వేరు. తాతయ్య పోయాక ఆ గదిలో మనిషి ఉంటేనే అమ్మమ్మ రాత్రి పొయ్యి వెలిగించేది. గది ఖాళీగా ఉన్న నెలల్లో వంటింట్లో నిలబడే ఒక రొట్టెముక్క నమిలి, కూతురు ఫోన్ చేస్తే మూడు రకాల వంటకాల పేర్లు చెప్పేది. గదికి తాళం పడితే ఆ నెలలు ఏడాదంతా సాగుతాయని ఆమెకు తెలుసు. అందుకే సెప్టెంబరు మొదట్లో ఎస్టోనియా పిల్ల వస్తుందని ఉత్తరం అందిన రోజున, ఆ దేశం ఎక్కడుందో పటంలో చూడకుండా నేరుగా గుడికెళ్ళి కొవ్వొత్తి వెలిగించి వచ్చింది.

ఆ పిల్ల పేరు త్రీను. రాళ్ళ చదువు చదువుతోందట. మనిషి పొడుగు, జుట్టు గడ్డిరంగు, చేతిలో ఇటుకంత నల్లరొట్టె. అది కానుక అని తర్వాత తెలిసింది. మొదట అమ్మమ్మ దాన్ని ఆ పిల్ల చదువుకు సంబంధించిన నమూనా అనుకుని కిటికీ గట్టు మీద పెట్టింది. పేరు నోరు తిరక్క, మనవైపు ఆడపిల్లలకు త్రినిదాద్ అనే పేరుంది కదా, అందులోంచి కోసుకుని త్రిని అని పిలవడం మొదలుపెట్టింది. గుమ్మంలోనే ఆ పిల్ల భుజాలు పట్టుకుని, అందరికీ చెప్పే మాటే చెప్పింది. "రా తల్లీ, ఇది నీ ఇల్లే అనుకో." ఆ పిల్ల ఆ మాట గురించి కాసేపు ఆలోచించి, థాంక్స్ చెప్పి, చెప్పులు విప్పి గుమ్మం పక్కన వరసగా పెట్టింది.

ఆ ఆలోచించడమే ఆమెతో వచ్చిన చిక్కు. ఏ మాటన్నా బరువు తూచినట్టు తూచి పుచ్చుకుంటుంది, తను ఇచ్చేటప్పుడూ అంతే. మొదటిరోజు భోజనంలో పప్పు ఎలా ఉందని అమ్మమ్మ అడిగింది. అడగడం మర్యాద, అద్భుతం అనడం ఎదుటివాళ్ళ మర్యాద. త్రీను ఇంకో చెంచా తిని, బాగుంది కానీ ఉప్పు కొంచెం ఎక్కువైందని చెప్పింది. అమ్మమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెళ్ళయినప్పటినుంచీ ఆమె పప్పుకు ఎవరూ వంక పెట్టలేదు. తాతయ్యకు రక్తపోటు ఎందుకొచ్చిందో ఆమెకు అప్పుడే అనుమానం తగిలింది.

అలాగే రెండోరోజే ఆ పిల్ల ఏ దాపరికం లేకుండా ఇంకో మాట చెప్పింది. యూనివర్సిటీ వాళ్ళ హాస్టల్లో పేరు నమోదు చేయించుకుందట. నెలాఖరులో గది ఖాళీ అయితే ఫోన్ చేస్తారట. ఇక్కడ నచ్చితే ఉంటాను, నచ్చకపోతే అక్కడికి వెళ్తాను, ముందే చెప్పడం న్యాయం కదా అంది. అమ్మమ్మ చాలా న్యాయం తల్లీ అని, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ తోమింది.

మొదటివారం ఆ పిల్లకు గడవడమే కష్టమైంది. మధ్యాహ్నం పన్నెండింటికి ఆకలేస్తుంది, ఈ ఇంట్లో మూడింటిదాకా గిన్నె దిగదు. రాత్రి తొమ్మిదింటికి నిద్రొస్తుంది, అప్పుడే వీధిలోకి జనం వస్తారు. బల్లలు బయటికి లాగుతారు, చంటిపిల్లల్ని బళ్ళల్లో తోసుకొస్తారు, తాతలు కుర్చీల కోసం దెబ్బలాడతారు. తోటి విద్యార్థులు కలుద్దాం కలుద్దాం అంటారు, ఎప్పుడో చెప్పరు. ఆ పిల్ల గదిలో కూర్చుని రాళ్ళ పుస్తకం చదువుకునేది. అమ్మమ్మ తలుపు దాకా వెళ్ళి, తట్టాలని గుర్తొచ్చి, తట్టడం అలవాటు లేక తిరిగొచ్చేసేది.

కానీ నెమ్మదిగా మొహాలు తెలిశాయి. రొట్టెల దుకాణం ఆవిడ ఆ పిల్లకు ఇష్టమని కాలిన అంచున్న రొట్టె తీసి పెట్టడం మొదలుపెట్టింది. మెట్ల మీద ఎర్మీనియా కనిపించినప్పుడల్లా ఆపి, మీ దేశంలో మంచు ఎంతెత్తు, మీ అమ్మకు ఎంతమంది పిల్లలు, ఇంత సన్నగా ఉంటే గాలికి ఎగిరిపోవా అని అడిగి, చివర్లో "మా ఇంటికి రావే పిల్లా, ఎప్పుడైనా రా, కాఫీ తాగుదాం" అనేది. రోజూ అనేది. ఆ పిల్ల మొహంలో మొదటిసారి రంగు కనిపించింది. ఒక మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఆంగుస్తియాస్ గారూ, ఎర్మీనియా గారు నన్ను ఎప్పుడైనా రమ్మన్నారు. ఎప్పుడైనా అంటే ఎప్పుడు?"

అమ్మమ్మ మిరపకాయలు వేయిస్తోంది. నూనె చిందుతోంది. తల తిప్పకుండా, "ఎప్పుడైనా అంటే ఎప్పుడైనానే" అంది.

అమ్మమ్మ పప్పులో కాలేసింది అక్కడే. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇక్కడ మనుషులు కలుసుకునేది వీధిలో, బారులో, కొట్టు ముందు, మెట్ల మీద. ఇల్లనేది బట్టలు మార్చుకోవడానికీ, సొంతవాళ్ళతో పోట్లాడుకోవడానికీ. ఇంటికి రమ్మనడం మంచితనం, రాకపోవడం అంతకన్నా మంచితనం. ముప్ఫై, నలభై ఏళ్ళు పక్కపక్కన బతికినవాళ్ళు కూడా ఒకరి గుమ్మం ఒకరు దాటకుండానే, పెళ్ళిళ్ళలో కలిసి ఆడి, చావులకు కలిసి ఏడుస్తారు. ఇంత పెద్ద సంగతి అమ్మమ్మకు ఎప్పుడూ సంగతిలా తోచలేదు. అందుకే చెప్పలేదు.

ఆదివారం పొద్దున పదకొండుకు త్రీను జుట్టు దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మిఠాయి దుకాణం అట్టపెట్టె పట్టుకుని బయల్దేరింది. తోటి పిల్లలెవరో పిలిచుంటారని అమ్మమ్మ సంబరపడి, జాగ్రత్తలు చెప్పి పంపింది. తలుపు వేసి వంటింట్లోకి వచ్చేసరికి కిందనుంచి ఎర్మీనియా గంట మోగడం వినిపించింది. తర్వాత తలుపు తెరుచుకున్న చప్పుడు. తర్వాత అసలే చప్పుడూ లేదు. ఎర్మీనియా ఇంట్లో మాట వినపడకపోవడం మా మేడలో ఎవరికీ అనుభవం లేదు. ఆ తర్వాత ఇత్తడి పళ్ళెమో బేసినో నేలమీద దొర్లింది. ఎర్మీనియా మొగుడు సిప్రియానో గొంతు, తన పంట్లాం ఎక్కడుందని అడిగింది.

అమ్మమ్మ చేతిలో ఉల్లిపాయ అలాగే ఉండిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. కిటికీ దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది.

త్రీను రెండు దాటాక వచ్చింది. మొహం వెలిగిపోతోంది. ఎర్మీనియా గారు తలకు రంగురంగుల గొట్టాలు చుట్టుకుని చాలా బాగున్నారనీ, సిప్రియానో గారు వేడినీళ్ళ బేసినులో కాళ్ళు పెట్టుకుని తన మోకాలి ఆపరేషన్ గురించి మొత్తం చెప్పారనీ అంది. ఎర్మీనియా గారు మధ్యమధ్యలో తొడలు చరుచుకుని, సరే మరి, సరే మరి అంటూ లేచారట. అది మా ఊళ్ళో ఇక బయల్దేరమనే సైగ, ఈ పిల్ల ఆవిడకు నడుంనొప్పేమో అనుకుందట పాపం. మా దేశంలో పిలిచిన ఇంటినుంచి త్వరగా లేచిపోతే అవమానించినట్టు, అందుకే బాగా కూర్చున్నానని చెప్పింది.

అమ్మమ్మ తిట్టాల్సిన మనిషి. తిట్టబోయింది కూడా. కానీ నోటినుంచి ఇంకో మాట వచ్చింది.

"పరదాలు ఏ రంగు?"

"ఆకుపచ్చ."

"అదే అనుకున్నా. ముదురుదా? సోఫాకు ప్లాస్టిక్ తొడుగు ఉందా? పెళ్ళి ఫోటో హాల్లో పెట్టిందా, పడకగదిలోనా? ఎర్మీనియాకు వాళ్ళక్క ఇచ్చిన గోడగడియారం నడుస్తోందా?"

భోజనానికి కూర్చున్నాక త్రీను ఒక్కొక్కటి గుర్తు చేసుకుని చెప్పింది. అమ్మమ్మ తింటున్న ముద్ద నోట్లోనే పెట్టుకుని వింది. అంతా విన్నాక ఆ పిల్లకు అనుమానం వచ్చింది.

"మీరు ఎప్పుడూ వెళ్ళలేదా? మీరు స్నేహితులు కదా."

"స్నేహితులమే. నలభై ఏళ్ళుగా మెట్ల మీద మాట్లాడుకుంటున్నాం."

ఆ పిల్ల తన పళ్ళెం తీసుకెళ్ళి కడిగింది.

మర్నాడు బట్టలు ఆరేసే వేళకు సంగతి బావికెక్కింది. ఎర్మీనియా నోట్లో నువ్వుగింజ నానదు. నాలుగో అంతస్తు సొకోర్రోకు కథంతా వినిపిస్తోంది. తలకు గొట్టాలు చుట్టుకుని తలుపు తీస్తే ఎదురుగా మైనపుబొమ్మలా ఈ పిల్ల, చేతిలో కేకు. మూడుసార్లు లేచానమ్మా, మూడుసార్లూ నన్ను చూసి నవ్విందే తప్ప కదల్లేదు. ఆయన ఒక కాలు బేసినులో, ఒక కాలు చాపమీద, పంట్లాం పడకగదిలో. ఇంకా నయం, అన్నానికి కూర్చుంటానంటే మా ఆయన వాటా పెట్టాల్సొచ్చేది. సొకోర్రో నవ్వు నాలుగో అంతస్తునుంచి నీళ్ళలా కిందికి జారింది. ఒకటో అంతస్తు కూడా నవ్వింది. ఎర్మీనియా మాటల్లో విషం లేదు. మంచి కథ దొరికితే దాచుకోవడం ఆమెకు చేతకాదు, అంతే. కానీ వంటింట్లో కప్పు కడుక్కుంటున్న త్రీనుకు ఆ నవ్వు అర్థమయ్యేంత భాష అప్పటికే వచ్చు. అమ్మమ్మ పరిగెత్తుకొచ్చి కిటికీ రెక్క మూసేసరికి ఆలస్యమైపోయింది.

ఆ పిల్ల ఏడవలేదు. కప్పు తుడిచి దాని చోట పెట్టింది. బల్లముందు కూర్చుని, పుస్తకాల భాషలో ఒక్కో మాటా పేర్చుకుంటూ అడిగింది.

"ఎర్మీనియా గారికి నేను రావడం ఇష్టం లేదా?"

"ఇష్టం లేక కాదే తల్లీ. అదొక మాట. అందరం అంటాం."

"అయితే అది అబద్ధం."

"అబద్ధం ఎందుకవుతుందీ? పొద్దున్నే బాగున్నావా అనమూ? అలాంటిదే."

"బాగున్నావా అంటే నేను ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఆవిడ ఇంటికి రమ్మన్నారు."

అమ్మమ్మ ఎదురుగా ఉన్న నారింజపండు తొక్క తీయడం మొదలుపెట్టింది. ఆ పిల్ల ఇంకా ఆలోచిస్తోంది. ఆమె ఆలోచిస్తుంటే అమ్మమ్మకు ముల్లుమీద కూర్చున్నట్టు ఉంటుంది.

"నేను వచ్చినరోజు, ఇది నీ ఇల్లే అనుకో అన్నారు మీరు. నేను అనుకున్నాను. అది కూడా అలాంటి మాటేనా?"

అమ్మమ్మ నారింజను నాలుగు ముక్కలు చేసి పళ్ళెం ఆ పిల్ల వైపు జరిపింది. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. నిజం చెప్పాలంటే, ఆ మాట బెల్జియం వాళ్ళకూ చెప్పింది, డెన్మార్క్ వాడికీ చెప్పింది. చెప్పేటప్పుడు ఏమనుకుందో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఆ వారం మధ్యలో హాస్టల్ వాళ్ళు ఫోన్ చేశారు. గది ఖాళీ అయింది, సోమవారానికల్లా చెప్పమన్నారు. త్రీను వచ్చి ఆ కబురు అలాగే చెప్పింది, వెళ్దామనుకుంటున్నానని కూడా చెప్పింది. అక్కడ అందరూ పరదేశీలే, ఒకరి మాట ఒకరికి తెలుస్తుంది అంది. అమ్మమ్మ బతిమాలలేదు. మా ఊరివాళ్ళకు బతిమాలడం రాదు. ప్రేమ ఎంత ఎక్కువైతే మొహం అంత మాడ్చుకుంటారు. ఊరంతటికీ ఉన్న జబ్బే అది, అమ్మమ్మకు రెండు పాళ్ళు ఎక్కువ. హాస్టల్లో కుళాయికి వేడినీళ్ళు రావని విన్నానంది. అక్కడి వంటవాడు లావని, తిండి వాడే తింటాడని అంది. గుడికెళ్ళి మాతతో బేరం పెట్టుకుంది. మాత ఏమీ మాట ఇవ్వలేదు.

శనివారం మెట్ల మీద ఎర్మీనియా ఎదురైంది. అమ్మమ్మ సంచి కింద పెట్టి, నీ నోటి పుణ్యమా అని నా గదికి తాళం పడుతోందని మొదలుపెట్టింది. ఎర్మీనియా మొదట నొచ్చుకుంది. ఆ పిల్ల విన్నదని తనకు తెలియదంది, తెలిస్తే కాస్త నెమ్మదిగా చెప్పేదాన్నంది. అమ్మమ్మ అంతటితో ఆగుంటే బాగుండేది. ఆగలేదు. రమ్మన్నవాళ్ళు వస్తే కాఫీ పోయడం చేతకాకపోతే రమ్మనడం దేనికి అంది. దాంతో ఎర్మీనియాకు రోషం వచ్చింది.

"నేనేం తప్పన్నానే? నిన్ను పిలవలేదా? ఏడాదికోసారి, మాత ఊరేగింపుకి మా బాల్కనీకి రావే అని పిలవలేదా? నువ్వెప్పుడైనా కేకు పట్టుకుని దిగబడ్డావా? పడలేదు. ఎందుకు? నీకు బుద్ధుంది కనుక."

ఇది నిజం. ఎర్మీనియాది ముందువాటా, వీధివైపు. సెప్టెంబరు చివరి ఆదివారం సాయంత్రం వ్యాకులమాత విగ్రహం మోసేవాళ్ళ భుజాల మీద ఊరేగుతూ సరిగ్గా ఆ బాల్కనీ కిందుగా వెళ్తుంది. అమ్మమ్మది వెనకవాటా, ఆమె కిటికీలోంచి కనిపించేది సొకోర్రో దుప్పట్లు. ఆంగుస్తియాస్ అంటే వ్యాకులమే, ఆ మాత పేరు పెట్టుకున్న మనిషి, ఏటేటా మూలమలుపు దగ్గర పొడుగాటి మగవాళ్ళ వీపుల వెనక నిలబడి, మాత కిరీటం కొస మాత్రం చూసి ఇంటికొస్తుంది.

అమ్మమ్మ బదులు చెప్పబోతూ కిందికి చూసింది. మెట్ల మొదట్లో త్రీను, చేతిలో రొట్టె. అంతా వింది. ఎర్మీనియా తలుపు వేసుకున్నాక పైకి వచ్చి అమ్మమ్మ సంచి అందుకుంది.

"మీకు ఆ బాల్కనీకి వెళ్ళాలని ఉందా?"

అమ్మమ్మకు ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. ఎవరైనా వేసుంటే నాకేం అవసరం అనేది. ఈ పిల్ల దగ్గర ఆ మాట నోటికి రాలేదు.

"ఉంది" అంది.

"ఆవిడ పిలిచారు. మీకు వెళ్ళాలని ఉంది. మరి ఎందుకు వెళ్ళరు?"

"అలా వెళ్ళరే తల్లీ."

త్రీను సంచి పట్టుకుని ముందు నడిచింది. వెనక మెట్లెక్కుతున్న అమ్మమ్మకు ఆ పొడుగాటి వీపు చూస్తుంటే, ఈ పిల్ల రేపటి తర్వాత ఈ మెట్లు ఎక్కదని ఖాయంగా తోచింది. హాస్టల్ గది కన్నా, కుళాయి కన్నా, దీన్ని పంపించేస్తున్నది తను చెప్పలేకపోయిన ఆ జవాబే.

ఆదివారం మధ్యాహ్నం త్రీను పెట్టె మంచం మీద తెరిచి పెట్టుకుంది. అమ్మమ్మ నల్లగౌను వేసుకుని, ముత్యాల కమ్మలు పెట్టుకుని, గుడి దగ్గరి అంగడినుంచి పండగరొట్టె తెచ్చింది, లోపల గుమ్మడి మురబ్బా నింపినది. దాన్ని మంచి పళ్ళెంలో పెట్టి, గది తలుపు దగ్గరికి వచ్చి, తట్టింది.

"చొక్కా మార్చుకో. కిందికి వెళ్దాం. ఈ పళ్ళెం నువ్వు పట్టుకో, నా చేతులు బాగోలేవు."

చేతులు బాగానే ఉన్నాయి. రెండో అంతస్తు గుమ్మం ముందు నిలబడి గంట దాకా వేలు తీసుకెళ్ళి, కమ్మ సర్దుకుంది. మళ్ళీ తీసుకెళ్ళి, గౌను దులుపుకుంది. లోపలినుంచి పది గొంతులు వినిపిస్తున్నాయి. వెనక్కి తిరిగి పోదామా అని చూస్తే త్రీను పళ్ళెంతో ఆమెనే చూస్తోంది. తిట్టినా బాగుండు. అమ్మమ్మ కళ్ళు మూసుకుని గంట నొక్కింది.

ఎర్మీనియా తలుపు తీసింది. తలకు గొట్టాలు లేవు, పెదాలకు రంగుంది. వెనక హాలునిండా లోహా అనే ఊరి నుంచి వచ్చిన సిప్రియానో అన్నదమ్ములు, తోడికోడళ్ళు, పిల్లలు. బాల్కనీ కనిపిస్తోంది. నలుగురికి సరిపడే జాగాలో ఏడుగురు ఇరుక్కుని ఉన్నారు.

"రమ్మన్నావు కదా" అంది అమ్మమ్మ. "వచ్చాను."

ఎర్మీనియా ఆమెను చూసింది, పళ్ళెం చూసింది, ఆ పిల్లను చూసింది. అంతలో ఒక మాట, అయ్యో రండి, కానీ చూస్తున్నావుగా ఈ జనం, అనే మాట, పెదాల దాకా వచ్చి ఆగడం అమ్మమ్మకు స్పష్టంగా కనిపించింది. తనకైనా అదే వచ్చేది. తర్వాత ఎర్మీనియా మెడమీద ఎర్రగా ఏదో పాకింది. వెనక్కి తిరిగింది.

"బావా, లే అక్కణ్ణించి. నువ్వు పోయినేడూ చూశావు, అంతకుముందేడూ చూశావు, మాత నిన్నేమీ అడగడం లేదు. ఒరే, ఆ చంటాణ్ణి లోపలికి లాగండి. మా ఆంగుస్తియాస్ వచ్చింది." అమ్మమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నలభై ఏళ్ళుగా పిలుస్తున్నానే మహాతల్లీ. లోహా లోహా అంతా దిగిన ఏడే దొరికిందా నీకు?"

బావగారు గొణుక్కుంటూ లేచాడు. అమ్మమ్మ ఆకుపచ్చ పరదా పక్కనుంచి వెళ్తూ దాన్ని రెండువేళ్ళతో పట్టి చూసుకుంది. బాల్కనీ చువ్వలకు ఎర్మీనియా పెళ్ళినాటి పట్టుశాలువా వేలాడదీసి ఉంది. త్రీనును ఒక తోడికోడలు తన పక్కకు లాక్కుని, పూరేకుల బుట్ట ఒళ్ళో పెట్టి, మాత రాగానే చల్లమంది. ఒక్కసారికి ఎన్ని చల్లాలని ఆ పిల్ల అడిగింది. తోడికోడలు నవ్వి, పిడికిలి నిండా అని తన పిడికిలి చూపించింది.

పొద్దు వాలుతుండగా బ్యాండు వినిపించింది. వీధి మలుపులో మొదట కొవ్వొత్తులు, తర్వాత పూలు, తర్వాత మాత, మోసేవాళ్ళ అడుగులకు కొద్దిగా ఊగుతూ. ఈ ఎత్తునుంచి చూస్తే మాత మొహం అమ్మమ్మ మొహానికి ఎదురుగా వచ్చింది. ఒళ్ళో చనిపోయిన కొడుకు, ఆ కొడుకు మీద వాలిన కళ్ళు. ఏటేటా కిరీటం కొస మాత్రమే చూసిన అమ్మమ్మ, ఆ కళ్ళు కిందికి చూడడం అప్పుడే దగ్గరగా చూసింది. చువ్వలమీదికి వంగింది. ఎర్మీనియా ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఎక్కువ వంగకు. చువ్వలు పాతవి. నువ్వు పడితే పండగ పాడవుతుంది."

"పట్టుకునే ఉన్నావుగా."

"పట్టుకున్నాను. చూడు, చూడు."

త్రీను పిడికిలి నిండా రేకులు చల్లింది. మొదటి పిడికిలి గాలికి ఎగిరి బావగారి బట్టతలమీద పడింది. రెండోది సరిగ్గా పడింది. మూడోది చల్లేటప్పటికి ఆ పిల్ల లెక్క చూసుకోవడం మానేసింది. ఊరేగింపు వెళ్ళిపోయాక ఎర్మీనియా పండగరొట్టె కోసి అందరికీ పంచి, ఆ పిల్ల ముందుకొచ్చి నిలబడింది. ముక్క ఇంకొంచెం పెద్దది కోసి, "తిను, గాలికి ఎగిరిపోతావు" అంది. తర్వాత మెల్లిగా, "ఆ కథ నేను చెప్పకుండా ఉండాల్సింది" అంది.

"కథ బాగా చెప్పారు" అంది త్రీను. "నడుంనొప్పి సంగతి మాత్రం ఎవరైనా నాకు చెప్పుంటే బాగుండేది."

ఎర్మీనియాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె నవ్వు వీధి దాటి వెళ్ళింది.

ఇద్దరూ మెట్లెక్కి పైకి వచ్చారు. తమ గుమ్మం ముందు అమ్మమ్మ తాళంచెవి తిప్పుతూ ఆగింది. తలుపుతోనే మాట్లాడుతున్నట్టు చెప్పింది.

"ఆవేళ నువ్వు అడిగింది. మిగతావాళ్ళకు చెప్పినప్పుడు ఏమనుకున్నానో నాకే తెలీదు. నీకు ఇప్పుడు చెప్తున్నాను. ఇది నీ ఇల్లు. అనుకో గినుకో ఏం లేదు. ఉంటావో వెళ్తావో నీ ఇష్టం."

సోమవారం పొద్దున త్రీను హాల్లో నిలబడి ఫోన్ చేసింది. అమ్మమ్మ వంటింట్లో కుళాయి కట్టేసింది, చెవి బాగా పనిచేయాలని. ఆ పిల్ల తన పేరు చెప్పింది, గది ఇస్తామన్నందుకు కృతజ్ఞతలు చెప్పింది, తర్వాత వద్దంది. కారణం అడిగినట్టున్నారు. "నాకు ఇల్లుంది" అని ఫోన్ పెట్టేసింది.

అమ్మమ్మ ఏమీ విననట్టు బయటికొచ్చింది. కాఫీ తాగావా అని కూడా అడగలేదు. స్టూలెక్కి బీరువా పైనుంచి చలికాలం ఉన్ని దుప్పట్లు రెండు, అన్నిటికన్నా బరువైనవి, కిందికి తోసింది. కలరా ఉండల వాసన ఇల్లంతా కొట్టింది. వాటిని భుజాన వేసుకుని వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళి, మేడలో ప్రతి ఒక్కరి కంటా పడేలా బట్టల తాడు మీద ఒకదాని తర్వాత ఒకటి పరిచింది.

సొకోర్రో పైనుంచి తల బయటపెట్టింది. "ఏంటే ఆంగుస్తియాస్, మతిపోయిందా? ఈ ఎండలో ఉన్ని దుప్పట్లేంటి?"

"వెనకగది జనవరిలో చాలా చల్లగా ఉంటుంది" అంది అమ్మమ్మ, రెండో అంతస్తు దాకా వినపడేలా. "ఆ పిల్లకి అలవాటు లేదు."